ఒక లైను తక్కువ

ఆ శనివారం పొద్దున ప్రూఫ్‌రీడర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దుకాణానికి వెళ్ళాలి, ఇంటిల్లిపాదీ తినదగ్గ గ్రనోలా బార్లు ఒక డబ్బా కొనాలి, పదింటికల్లా తిరిగొచ్చి తడిబట్టలు ఆరెయ్యాలి.

ప్రెస్సులో అందరూ అతన్ని ‘కామా’ అంటారు. ఇరవై మూడేళ్ళ క్రితం ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కామా ఎగిరిపోయిందని నడుస్తున్న మిషను ఆపించాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఆ ప్రెస్సులో పుస్తకాలు అచ్చుకావు. మందుల పెట్టెలు, సబ్బు కవర్లు, తినుబండారాల రేపర్లు అచ్చవుతాయి. వాటి వెనకవైపు ఎవరూ చదవని చీమతలకాయంత అక్షరాలుంటాయి చూడండి, అవి చదవడమే అతని ఉద్యోగం.

మూడు నెలల క్రితం అతని ఎనిమిదేళ్ళ కూతురు స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళి ఒక చాక్లెట్ తింది. పది నిమిషాల్లో పెదాలు వాచాయి, గొంతు పూడుకుపోయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. వేరుశనగ, జీడిపప్పు, బాదం, ఇవి ఏ రూపంలోనూ తగలకూడదని చెప్పి, డాక్టరు పెన్నులాంటి ఇంజెక్షన్లు రెండు చేతిలో పెట్టాడు. ఒకటి క్లాసు టీచరు దగ్గర ఉంటుంది. రెండోది అతని చొక్కా జేబులో ఎర్ర పెన్ను పక్కన ఉంటుంది. ఒకసారి దాని మూత తీసి ప్రూఫు దిద్దబోయాడు కూడా.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఏదీ ఊరికే నోట్లో వేసుకోవడం లేదు. వంటింటి అరలు సగం ఖాళీ అయ్యాయి. పాపను పుట్టినరోజులకు పిలవడం చాలామంది మానేశారు. పిలిచినవాళ్ళకు వీళ్ళే ఏదో ఒక సాకు చెబుతున్నారు. స్కూల్లో మధ్యాహ్నం పూట పాప ఒక్కతే కిటికీ పక్క బల్ల మీద కూర్చుని తింటోంది. ఆ సంగతి పాప చెప్పలేదు, టీచరు చెప్పింది.

“పల్లీలు ఉండకూడదు, జీడిపప్పు ఉండకూడదు, బాదం ఉండకూడదు,” అంది భార్య గుమ్మం దగ్గర. ఆవిడ కరెంటాఫీసులో ఫోను మీద ఫిర్యాదులు రాసుకుంటుంది. ఇంట్లో మాట్లాడినా ఏదో ఫారం నింపుతున్నట్టే ఉంటుంది. “పాలపొడి నాకు పడదు. అమ్మకు షుగరు కాబట్టి పంచదార ఉండకూడదు.”

“ఇంక అందులో ఉండేదేమిటి?”

“అది మీరే చదివి చెప్పాలి.”

“రుచి కూడా ఉండకూడదని రాసుకో బాబూ,” అంది లోపల్నుంచి అత్తగారు. “ఒక్కటి తక్కువైనట్టుంది.”

దుకాణంలో అతను నలభై ఒక్క రకాల బార్లు చదివాడు. ముందువైపు ‘ఆరోగ్యం’ అని అరచేయంత అక్షరాలున్నదాంట్లో పంచదార మూడు మారుపేర్లతో దాక్కుని ఉంది. పంచదార లేనిదాంట్లో బాదం ఉంది. బాదం లేనిదాంట్లో పాలపొడి ఉంది. అన్నీ బాగున్నాయనుకున్నదాని అడుగున, అతుకు మడతలో, ‘వేరుశనగ వాడే చోటనే తయారైనది’ అని ఒక లైను నక్కి కూర్చుంది. అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పదకొండయింది.

“సార్, కొనేది ఏమైనా ఉందా, చదువుకోవడానికే వచ్చారా?” అన్నాడు దుకాణం మేనేజరు.

అట్టడుగు అరలో, ఓ మూల, ఆకుపచ్చ రేపరు కనిపించింది. ఓట్స్, ఖర్జూరం, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పు. అంతే. దాని కింద ఏమీ లేదు. అతను నమ్మలేదు. అతుకు విప్పదీసి మడతలో చూశాడు. ఏమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు. మూడు నెలలుగా ఏ కాగితమూ అతనికి ఇంత మంచి మాట చెప్పలేదు.

“ఇంతసేపు చూశారు, మంచిదేమైనా దొరికిందాండీ?” అని ఎవరో అడిగారు. సామాను ట్రాలీ పట్టుకుని నిలబడ్డ ఆవిడ పాప చదివే స్కూల్లో తల్లిదండ్రుల కమిటీ కార్యదర్శి. మామూలుగా అయితే అతను తలూపి తప్పుకునేవాడు. ఆవేళ సంతోషంలో నోరు జారింది. ఏది ఎందుకు పనికిరాదో, ఇదొక్కటే ఎందుకు పనికొస్తుందో పావుగంట చెప్పాడు.

“మీరేం చేస్తుంటారండీ?”

“లేబుళ్ళు సరిచూస్తుంటానండి. ఇరవై మూడేళ్ళుగా.”

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. అతను ఇంటికి చేరేలోగా స్కూలు పేరెంట్ల ఫోను గ్రూపులో సందేశం వచ్చేసింది. ఆహార పదార్థాల లేబుళ్ళు తనిఖీ చేసే పెద్ద అధికారి మన పేరెంట్లలోనే ఉన్నారట, నలభై ఒక్క రకాలు పరీక్షించి ఈ ఆకుపచ్చ బారు ఒక్కటే పిల్లలకు సురక్షితమని తేల్చారట. అతను గాభరాపడి, ‘నేను అధికారిని కాను, ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌ని’ అని రాశాడు. దానికి ఇరవై ఏడు దండాలు, ‘ఎంత నిగర్వి!’ అని ఒక ప్రశంస వచ్చాయి. సాయంత్రానికి కమిటీ తీర్మానం కూడా అయిపోయింది. సోమవారం ఆటల పోటీల్లో మూడొందల మంది పిల్లలకూ ఆ బారే పంచుతారు.

“అందరికీ నాదే ఇస్తారా?” అంది పాప.

“అందరికీ నీదే.”

“నేను కూడా అందరితో కూర్చుని తినొచ్చా?”

అతను తల ఊపాడు. అధికారిని కానని మళ్ళీ రాద్దామనుకున్నవాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆదివారం ఉదయం ఇంట్లో పరీక్ష జరిగింది. పాప బారు తింటుంటే భార్య ఎదురుగా గడియారం చూస్తూ కూర్చుంది. అతను ఇంజెక్షను చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గంట గడిచింది. పాపకు ఏమీ కాలేదు.

“ఇంకోటి తింటాను. ఈసారి నన్నలా చూడకండి, మింగుడుపడట్లేదు,” అంది పాప.

అత్తగారు సగం ముక్క తిని కాసేపు ఆలోచించి, “తినగా తినగా బాగానే ఉంటుందేమో,” అంది. ఆ ఇంట్లో ఈ మధ్య వినబడ్డ మాటల్లో ఆశాజనకమైనది అదే.

సోమవారం పది గంటలకు పోటీలు. ఒక పూట సెలవు అడుగుదామని అతను ఎనిమిదిన్నరకే ప్రెస్సుకు వెళ్ళాడు. యజమాని ఇంకా రాలేదు. బల్ల మీద ఒక ఫైలు ఉంది.

“నీ పుణ్యమే కామా,” అన్నాడు మిషను దగ్గర్నుంచి ఫోర్‌మన్. “ఏదో గ్రనోలా బారంట, మీ పాప స్కూలువాళ్ళు రెండ్రోజుల్లో సరుకు దాదాపు అంతా ఊడ్చుకుపోయారంట. రేపర్లు అర్జంటుగా కావాలని ఆ కంపెనీ ఆవిడ పొద్దున్నే ఫోను.”

ఫైల్లోంచి ఆకుపచ్చ రేపరు బయటికి వచ్చింది. అతను నిర్ఘాంతపోయాడు. తాను చదివేవన్నీ తెల్లకాగితం మీద నల్లక్షరాలే. రంగులు వేసేది తర్వాత, మిషను దగ్గర. అందుకే దుకాణంలో పోల్చుకోలేదు. ఆ రేపరు ఇక్కడే అచ్చయింది. అప్రూవల్ కాగితం మీద సంతకం తనదే. తేదీ చూశాడు. పాప ఆసుపత్రిలో ఉన్న మూడో రోజు.

ఆ వారం అతనికి సరిగ్గా గుర్తులేదు. రాత్రిళ్ళు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని పగలు ప్రెస్సుకు వచ్చాడు. ఏం చదివాడో, ఏం దిద్దాడో, ఎవరితో ఏం మాట్లాడాడో ఒక్క ముక్కా జ్ఞాపకం లేదు. ఫైలు అడుగున అంతకుముందటి ఏడాది రేపరు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి వేలితో లైను లైనూ చదువుకుంటూ వచ్చాడు. పాతదాంట్లో ఉప్పు తర్వాత ఇంకో లైను ఉంది. ‘వేరుశనగ, జీడిపప్పు, బాదం వాడే చోటనే తయారైనది.’

కొత్తదాంట్లో అది లేదు.

కామా పోతే మిషను ఆపినవాడు ఒక లైనుకు లైనే పోగొట్టి సంతకం పెట్టాడు! నిన్న ఏమీ కాలేదంటే ఆ ముక్కలో నలుసు పడలేదన్నమాట. ఇవాళ్టి ముక్కలో పడదని ఎవరు చెప్పారు?

స్కూలుకు ఫోను చేశాడు. ఆఫీసు గుమస్తా ఎత్తాడు.

“ఆ బార్లు పంచొద్దండీ! ఆపండి!”

“కంగారు పడకండి. పెద్ద అధికారి ఒకాయన పరీక్ష చేసి చెప్పారండి.”

“ఆ అధికారిని నేనేనండీ!”

“అయితే ఇంకేం సార్, మీకే తెలియాలి,” అని గుమస్తా మర్యాదగా ఫోను పెట్టేశాడు.

భార్యకు చేశాడు. ఆవిడ మొత్తం విని, “ఎప్పట్నుంచి? ఎన్ని ఇళ్ళకు?” అంది అలవాటు కొద్దీ. తర్వాత ఆవిడ గొంతు మారిపోయింది. “మీరు బయల్దేరండి. నేనూ వస్తున్నాను.”

బయల్దేరుతూనే యజమానికి చేశాడు. యజమాని అప్పుడే పళ్ళ డాక్టరు దగ్గర రెండు దవడపళ్ళు పీకించుకుని, నోటినిండా దూది కుక్కుకుని కూర్చున్నాడు.

“సార్, ఆ బార్ల రేపరు మీద ఒక లైను పోయింది సార్. తప్పు నాదే.”

“తెల్...సు,” అన్నాడు యజమాని దూదిలోంచి. “ఆవిడే... తీసేయమంది.”

అతను రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. “కంపెనీ ఆవిడా సార్? ఎప్పుడు?”

“మూడ్...నెల్లయింది. స్వయంగా వచ్చి... తీసేయమంది. అప్పుడే... తీసేశాం.”

“నాకొక్క మాట చెప్పలేదేం సార్?”

“నువ్వే కదయ్యా... సంతకం... పెట్టింది!”

ఫోను కట్టయింది. ఆవిడ తీసేయమన్నది తననేనని, మూడు నెలలుగా తనకు ఉద్యోగం లేదని అతనికి అప్పుడు తెలిసింది. తనను తీసేసే కాగితం మీద కూడా చదవకుండా సంతకం పెట్టానన్నమాట. ఇన్నాళ్ళూ పాప పరిస్థితి చూసి జాలిపడి రానిస్తున్నారన్నమాట. ప్రపంచంలో ఎవరూ చదవనివి చదువుతానని విర్రవీగినవాడు తన రోజులు చెల్లిన సంగతి చదువుకోలేకపోయాడు. ఏడుపొచ్చింది గాని, ఏడవడానికి టైము లేదు. ఆటో ఎక్కాడు.

మైదానంలో సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. పిల్లలు వరసల్లో కూర్చుని ఆకుపచ్చ రేపర్లు చింపుతున్నారు. మధ్య వరసలో, ఇద్దరమ్మాయిల మధ్య పాప కూర్చుని ఉంది. ఏదో చెబుతూ నవ్వుతోంది, చేతిలో సగం తిన్న బారు. పాప అలా నవ్వడం చూసి మూడు నెలలైంది. ఆ నవ్వు చూసి కూడా అతను ఆగలేదు. వేదిక ఎక్కి, ఉపన్యాసం మధ్యలో ఉన్న హెడ్మాస్టరు చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

“ఎవరూ తినకండి! ఉమ్మేయండి! అందులో పల్లీలు కలిసుండొచ్చు, లేబులు తప్పు!”

కమిటీ కార్యదర్శి, “అధికారిగారే చెబుతున్నారు!” అని కేక పెట్టింది. దాంతో తల్లులు, తండ్రులు హద్దు తాళ్ళు దూకి లోపలికి పరిగెత్తారు. ఎవరి పిల్లల నోట్లో వాళ్ళు, తొందరలో పక్కవాళ్ళ పిల్లల నోట్లో కూడా, వేళ్ళు పెట్టి ముక్కలు లాగారు. వ్యాయామం మాస్టారు ఈల వేసి అందర్నీ నాలుకలు చాపమన్నాడు. మూడొందల నాలుకలు బయటికొచ్చాయి. అంతలో రెండో వరసలో ఒకడు మెడ గోక్కున్నాడు. వాడికి పొద్దున దోమ కుట్టింది. అది చూసి పక్కవాడు గోక్కున్నాడు. ఐదు నిమిషాల్లో నూట ఇరవై మంది పిల్లలు, పదకొండు మంది పెద్దలు, హెడ్మాస్టరు గోక్కుంటున్నారు. రెండు అంబులెన్సులు వచ్చాయి.

మైదానం మొత్తమ్మీద గోక్కోకుండా కూర్చున్నది పాప ఒక్కతే. అంబులెన్సులో వచ్చిన డాక్టరు ముందు పాపనే చూశాడు. నోరు చూశాడు, గుండె విన్నాడు, అరగంట పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. “ఈ అమ్మాయికి ఏమీ లేదు. మిగతావాళ్ళకు అంతకన్నా ఏమీ లేదు,” అన్నాడు.

భార్య అప్పటికి వచ్చి పాపను ఒడిలోకి లాక్కుంది. అతను దగ్గరికి వెళ్ళాడు. పాప అతనికేసి చూడలేదు.

“నా పరుగుపందెం ఇంకా కాలేదు,” అంది నెమ్మదిగా.

పోటీలు రద్దయ్యాయి. పిల్లల్ని తీసుకెళుతూ పెద్దవాళ్ళు చాటుగా చూపిస్తున్నారు. “ఆ అమ్మాయికే పడదంట. ఆ అమ్మాయి కోసమే ఈ బార్లంట.” ఇందాక పాపకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరమ్మాయిల్నీ వాళ్ళ వాళ్ళు చెరో చెయ్యీ పట్టి లాక్కుపోయారు. మైదానంలో పిల్లల్లో పాప ఒక్కతే మిగిలింది.

సాయంత్రానికి దుకాణం మేనేజరు ఆకుపచ్చ బార్లన్నీ అరలోంచి తీయించేశాడు. గ్రూపులో నాలుగొందల సందేశాలు వచ్చాయి. అత్తగారు ఇంట్లో మిగిలిన డబ్బాను మంచం కింద దాచుకుంది. “నాకు పల్లీలు పడతాయిలే,” అంది.

మంగళవారం అతను తన సామాను తెచ్చుకుందామని ప్రెస్సుకు వెళ్ళాడు. భూతద్దం, స్కేలు, రెండు ఎర్ర పెన్నులు, టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంటుంటే యజమాని వచ్చాడు. దవడ ఇంకా వాచే ఉంది.

“ఎక్కడికయ్యా?”

“మూడు నెలలు మీరు చూపించిన దయ చాలు సార్. తీసేశాక కూడా రానిచ్చారు.”

“ఎవరు తీసేశారు నిన్ను?”

“మీరే కదా సార్ చెప్పారు! కంపెనీ ఆవిడ తీసేయమంది, తీసేశాం అని.”

యజమాని దవడ పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. “లైను తీసేయమందయ్యా! నిన్ను కాదు, లైనుని! ఆవిడ రాసిచ్చిన ఉత్తరం నా సొరుగులో ఉంది!”

“నిజమేనండి,” అన్నారు వెనక నుంచి.

గుమ్మంలో నలభై ఏళ్ళ ఆవిడ నిలబడి ఉంది. నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి. బార్ల కంపెనీ ఆవిడదే. కంపెనీ అంటే ఒక షెడ్డు, ఎనిమిది మంది పనివాళ్ళు. ఆవిడ కేకలేస్తుందని అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ కేకలెయ్యలేదు. అది మరీ కష్టంగా ఉంది.

“మా అబ్బాయికి కూడా పల్లీలు పడవండి,” అందావిడ. “వాడి కోసమే మొదలుపెట్టాను. కాని వేరేవాళ్ళ షెడ్డులో, వాళ్ళ మిషన్ల మీద చేసేదాన్ని. అక్కడ అన్ని గింజలూ ఆడేవి. అందుకని ఆ లైను వేయక తప్పలేదు. నేను చేసిన బారు నా కొడుక్కే పెట్టలేకపోయాను. సొంత షెడ్డు కట్టుకుని, ఒక్క పల్లీ కూడా గుమ్మం దాటి రానివ్వకుండా చేసుకునేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఆ లైను తీయించడానికి నాలుగేళ్ళండి.”

అతను సంచి బల్ల మీద పెట్టాడు.

“మీ గొంతు నాకు గుర్తుంది,” అందావిడ. “ఆ రోజు ప్రెస్సు నుంచి ఫోను చేశారు. ఈ లైను నిజంగా తీసేయొచ్చా, షెడ్డు వేరేనా, గింజలు వేరేచోట వేయిస్తారా అని మూడుసార్లు అడిగారు. మళ్ళీ సాయంత్రం ఇంకోసారి చేశారు. ఇంత శ్రద్ధగా అడిగేవాళ్ళు కూడా ఉంటారా అని మావాళ్ళకు చెప్పుకున్నాను.”

అంటే ఆ వారంలో అతను చేయవలసిన పని చేయవలసినట్టే చేశాడు. చేశానన్న సంగతి ఒక్కటే మరిచిపోయాడు.

ఆ మధ్యాహ్నమే అతను గ్రూపులో అంతా వివరంగా రాశాడు. లేబులు సరైనదే, తప్పు తనది, ఆ బార్లు సురక్షితం. ‘పాపం, కంపెనీవాళ్ళు బెదిరించి రాయించారు’ అని మొదటి జవాబు వచ్చింది. ‘నిజాయితీగల అధికారులకు ఇదే గతి’ అని రెండోది. మర్నాడు అతను కంపెనీ ఆవిడతో కలిసి దుకాణానికి వెళ్ళాడు. మేనేజరు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు. కాని ఆ హెచ్చరిక లేకపోతే ఇప్పుడు జనం ముట్టుకోరమ్మా. ఆ లైను వేసుకుని రండి, కంటి ఎదురు అరలో పెట్టిస్తాను.”

“లేని పల్లీలు ఉండొచ్చని ఎలా రాయనండీ?”

“ఉన్నాయని రాయక్కర్లేదు. ఉండొచ్చని రాస్తే చాలు. జాగ్రత్తగల కంపెనీ అనుకుంటారు.”

ఆవిడ ఎదుటి అరకేసి చూసింది. ఎనిమిది మంది పనివాళ్ళకు తోడు ముగ్గురు కొత్తవాళ్ళను ఆదివారమే పెట్టుకుంది. చివరికి సరేనంది.

బయటికొచ్చాక ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. తెల్లకాగితంలో చుట్టిన బార్లు, పన్నెండు. “మీ పాపకు. వారం వారం పంపిస్తాను. వీటి మీద ఏమీ అచ్చు వేయను.” ఇంటికి వెళ్ళేదారిలో అతను ఆ తెల్లకాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. పాప మర్నాడు కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఒకటి తింది. బాగుందా అని అతను అడిగితే, బాగానే ఉందని చెప్పింది.

శుక్రవారం కొత్త రేపరు ప్రూఫు బల్ల మీదికి వచ్చింది. ఉప్పు తర్వాత ఆ లైను మళ్ళీ వచ్చి కూర్చుంది. అతను దాన్ని భూతద్దం పెట్టి ఆరుసార్లు చదివి సంతకం పెట్టాడు. అందులో అబద్ధం తప్ప ఒక్క తప్పు కూడా లేదు.